ఏడాది కాగితం

"సినిమా అంటావు, మనుషుల్ని తియ్యనంటావు. ఈ స్తంభాలూ గోడలూ ఎవడు చూస్తాడే తల్లీ?" కెమెరా పెట్టె మోస్తూ విసుక్కున్నాడు మోమ్చిల్.

యానా సోఫియా నగరాన్ని తీస్తోంది. ఖాళీ ట్రామ్ స్టాపులు, అపార్ట్‌మెంట్ల గుమ్మాలు, తడిసిన చెట్లు. వాటి వెనక ఆమె గొంతే వినిపిస్తుంది. 'కలీనా ఇక్కడే నా చెయ్యి పట్టుకుంది. ఇక్కడే ఒక్క జున్ను బానిత్సా రొట్టె ఇద్దరం పంచుకు తిన్నాం. మా ఇద్దరమ్మాయిల ప్రేమ సంగతి ఇంట్లో తెలిసింది. వారం తిరక్కముందే ఈ కాగితం పడింది.'

రైళ్ళ రాకపోకలు చెప్పినట్టు చదివిందంతా.

ప్రతి షాట్‌లోనూ ఓ మూల ఆ కాగితమే. నల్ల అంచు, మధ్యలో ఒక అమ్మాయి ఫొటో. చనిపోయినవాళ్ళ కోసం ఈ ఊళ్ళో ఇంటివాళ్ళు వీధంతా అంటిస్తారే, అది. నలభయ్యో రోజున మారుస్తారు, మళ్ళీ ఏడాదికి మారుస్తారు. ఎండకీ వానకీ ఫొటోలో మొహం వెలిసిపోయింది.

"పొడుగు జుట్టు బాగుందే," అన్నాడు మోమ్చిల్.

"కాలేజీ రోజుల్లోది."

ఇవాళ్టికి ఏడాది. కొత్త కాగితం పడాలి. అంటించేది ఆ అమ్మాయి తల్లి రోసిత్సా. ఆమె కోసమే పొద్దుటినుంచీ ట్రామ్ స్టాపు దగ్గర కాపు కాస్తున్నారు.

"రాకపోతే?"

"రాకూడదనే మొక్కుకుంటున్నా."

"నీ దుంపతెగ! మరి సినిమాకి ముగింపో?"

"అదే ముగింపు. అంతకంటే మంచిది ఇంకోటి లేదు."

పువ్వులమ్మే ముసలమ్మ యానాని తేరిపార చూసి, గబగబా శిలువ గుర్తు వేసుకుంది. యానాకి ఇవి అలవాటే. టోపీ కిందికి లాక్కుంది.

ట్రామ్ ఆగింది. రోసిత్సా దిగింది. నల్ల కోటు, చేతిలో జిగురు డబ్బా.

"వచ్చేసిందే," అని గొణిగాడు మోమ్చిల్.

ఆమె పాత కాగితాన్ని గోటితో గీకి తీసింది. కొత్తది నిమిరి నిమిరి అంటించింది. వెనక్కి జరిగి చూసుకుంది. తృప్తి కలగలేదు. కెమెరా వైపు తిరిగింది.

"ఏమండీ, వంకరగా ఉందా?"



"కుడివైపు కొంచెం పైకి జరపండి," అంది యానా. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. ఏమీ లేదు.

కాగితం సరిచేసి, ఫొటోలోని కూతుర్ని ముద్దు పెట్టుకుని, కెమెరా వెనక నిలబడ్డ అదే కూతురి పక్కనుంచి నడిచి వెళ్ళి ట్రామెక్కింది రోసిత్సా.