ఎక్కడికమ్మ

“మీ అబ్బాయి పోయాడండి,” అన్నాడు పదో నంబరు కుర్రాడు, తలుపు దగ్గరే నిలబడి.

“ఎక్కడికి?” అంది ఆవిడ.

“అంటే... మాకు దక్కలేదండి.”

“మీకెందుకు దక్కుతాడు నాయనా, నా కొడుకైతే? ఎక్కడికి పోయాడో చెప్పు.”

కుర్రాడి చెమట చొక్కా దాటి తెల్లకోటుకు ఎక్కింది. అద్దం వెనక, పరీక్ష అయిపోయినట్టు గంట మోగింది. ఫెయిల్.

ఇది పరీక్ష. చెడ్డ కబురు చెప్పడమన్నది నేర్పితే వచ్చే విద్యేనా అని ఆ విశ్వవిద్యాలయంలో రెండేళ్లుగా పరిశోధన జరుగుతోంది. మూడంతస్తుల భవనం. కింద ఒక యంత్రం పొద్దస్తమానం బిస్కెట్లు నములుతూ, కరకర ఎంతో లెక్కగడుతుంది. మధ్య అంతస్తులో, పాఠం వింటూ పిల్లలు ఎన్నిసార్లు ఆవలిస్తారో లెక్కపెడతారు. ఆ లెక్కపెట్టేవాళ్లు ఎన్నిసార్లు ఆవలిస్తారో మాత్రం ఎవరూ రాసుకోరు. పై అంతస్తులో, రెండు కుర్చీలూ ఒక బల్లా ఉన్న గదిలో, కాబోయే డాక్టర్లు చావు కబురు చెబుతారు.

వినేది ఆవిడ. ప్రతి బుధవారం వస్తుంది. ఆవిడది తల్లి పాత్ర. ఆపరేషన్ గది బయట కూర్చున్న తల్లి. డొంకతిరుగుడు మాట బుర్రకెక్కని తల్లి. ‘వెళ్లిపోయాడమ్మా’ అంటే ఇంటికి వెళ్లిపోయాడనుకుని, చెప్పులు కూడా మరిచిపోయి పరుగెత్తి, వంట చేసి, కంచం పెట్టి, సాయంత్రం దాకా గుమ్మంలో ఎదురుచూసే తల్లి. ఈ పాత్రను ఆవిడే రాసుకొచ్చింది. ఇంత చోద్యపు తల్లి ఎక్కడైనా ఉంటుందా అని ప్రొఫెసరు నవ్వాడు కూడా.

అలాంటి తల్లికి అర్థమయ్యేలా చెప్పాలి. కుర్చీ లాక్కుని కూర్చోవాలి. కళ్లలోకి చూడాలి. ‘చనిపోయాడు’ అన్న మాట నోటితో అనాలి. పిల్లలు ఆ ఒక్క మాటా తప్ప అన్నీ అనేవారు. ‘లేడు’ అనేవారు, ‘దూరమయ్యాడు’ అనేవారు, ఒకడైతే ఏకంగా ‘పైకి’ అని వేలు చూపించాడు. అన్నిటికీ ఆవిడ దగ్గర ఒకటే ప్రశ్న. అందుకే ఆవిడకు ‘ఎక్కడికమ్మ’ అని పేరు పెట్టారు.

హాస్టల్లో కరెంటు పోయిందని ఎవరైనా అంటే, ఇంకెవరో “ఎక్కడికి?” అనేవారు. మొదట్లో గదులన్నీ గొల్లుమనేవి. తర్వాత తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. ఒకమ్మాయి నిద్రలో కూడా జవాబు చెబుతోందట.

సరిగ్గా చెప్పినవాళ్లకు ఆవిడ ఏడ్చి చూపించేది. ఒకరి ముందు ఏడ్చినట్టు ఇంకొకరి ముందు ఏడ్చేది కాదు. ఏడుపయ్యాక ముఖం తుడుచుకుని, “బాగా చెప్పావు నాయనా, ఆ కాలు మాత్రం ఊపకు,” అని మార్కులు వేసేది. నటనంటే అదీ అనేవారు చూసినవాళ్లు.

రెండోసారికో మూడోసారికో అందరూ గట్టెక్కేవారు, ఒక్కరు తప్ప.

ఆయన విద్యార్థి కారు. పక్క ఆస్పత్రిలో పెద్ద సర్జన్. తల పండిపోయింది. అనుభవమున్న డాక్టర్లూ రావచ్చని నోటీసు పెడితే వచ్చింది ఆయనొక్కరే. పంతొమ్మిదిసార్లు వచ్చారు. పంతొమ్మిదిసార్లూ ఫెయిలయ్యారు. పిల్లలు చాటుగా ‘దండయాత్ర’ అని పిలుచుకునేవారు. వేలమందిని కోసి కుట్టిన మనిషికి ఆ కుర్చీలో కూర్చోగానే నోరు పెగిలేది కాదు. పెగిలితే, “మీవాడు వెళ్లిపోయాడమ్మా,” అనేవారు.

“ఎక్కడికి?”

అంతే. తల వంచుకుని లేచిపోయేవారు.

ఈ నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నారు. ఇదే ఆఖరి బుధవారం. పరిశోధన చేస్తున్న అమ్మాయి ఉండబట్టలేక గదిలోకి వచ్చింది.

“పిన్నిగారూ, ఈసారికి పాస్ చేసేయండి. గంట నుంచీ బయట కూర్చున్నారు పాపం.”

“మార్కులు నా ఇంట్లోంచి తెచ్చి ఇస్తున్నానా తల్లీ? మాట ఆయన నోట్లోంచి రావాలి.”

“పడుకుంటే మీ గొంతే వినిపిస్తోందన్నారు నాతో. ఫెయిలై వెళితే బతికినన్నాళ్లూ వినిపిస్తుందేమో.”

ఆవిడ కొత్త మార్కుల కాగితం తీసి ముందు పెట్టుకుంది. “పంపించు,” అంది.

తలుపు తట్టారు. లోపలికి వచ్చారు. కుర్చీ ఎదురుగా లాక్కున్నారు. కూర్చున్నారు. అద్దం వెనక అమ్మాయి గంట మీద చెయ్యి వేసింది.

“అమ్మా, ఆపరేషన్ చేసింది నేను.”

“చెప్పండి.”

“మీ అబ్బాయి...” ఆగారు. పెదవుల దాకా వచ్చిన పాత మాటను కష్టపడి మింగారు. “మీ అబ్బాయి చనిపోయాడమ్మా. నా చేతుల్లోనే చనిపోయాడు.”

ఆవిడ ఎక్కడికని అడగలేదు. ఏడవనూ లేదు. ఊరందరి పిల్లల ముందూ ఏడ్చిన మనిషి, కళ్లు పొడిగా పెట్టుకుని ఆయన్నే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, బల్ల మీదున్న ఆయన చేతిని మెల్లగా తట్టింది. ఏడ్చింది ఆయన.

అమ్మాయి గంట కొట్టడం మరిచిపోయింది.

ఇద్దరూ వెళ్లాక మార్కుల కాగితం తీసి చూసింది. నూటికి నూరు. కింద, ఎప్పుడూ ఒక్క ముక్క అదనంగా రాయని ఆవిడ, ఈసారి ఒక వాక్యం రాసింది: “మా అబ్బాయి చనిపోయాడని నాకు చెప్పడానికి ఈ డాక్టరుగారికి పదకొండేళ్లు పట్టింది.”