ఎర్రకోటాయన

"అది తిరగేసి అంటించారండీ," అంది మడ్లైనా.

ఎర్ర కోటు వేసుకున్న బెన్సిగర్ తన స్కీని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కొండ ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున బొచ్చు పట్టీ అంటించుకోవాలి. ఆయన బొచ్చు స్కీ వైపుకీ, జిగురు మంచు వైపుకీ పెట్టి పది నిమిషాలుగా కుస్తీ పడుతున్నాడు.

"నాకు తెలుసులే అమ్మాయ్. నువ్వు చూస్తున్నావో లేదోనని!"

మడ్లైనా లోలోపల నవ్వుకుంది. ఈయన గట్టివాడే అనుకుంది.

ఆ లోయలో గైడు పరీక్ష తంతు అందరికీ తెలిసిందే. కనుమ అవతలి నుంచి ఒక పెద్ద గైడు మామూలు కస్టమరులా వస్తాడు. పేరు మార్చుకుంటాడు, స్కీయింగు రానట్టు దొర్లుతాడు, వెళ్ళకూడని చోటికి వెళ్దామని ప్రాణం తీస్తాడు. సాయంత్రం దాకా ముసుగు తియ్యడు. ఆ రోజు ఊళ్ళో ఎవరూ పరీక్ష ఊసెత్తకూడదు. కిందటేడు వచ్చినాయన ముసలాడి వేషం వేసి, "ఇంకో పది మీటర్లు తల్లీ, ఒక్క ఫొటో" అని బతిమాలితే మడ్లైనా కరిగిపోయింది. మంచు జారే వాలు మీదికి పది మీటర్లు వెళ్ళగానే ఆయన కళ్ళద్దాలు తీసి, "నువ్వు నన్నిప్పుడే చంపేశావు" అన్నాడు. ఆ మాట ఏడాదిగా ఆమెను నిద్రపోనివ్వలేదు. రెండోసారి కూడా తప్పితే ఇక అవకాశం లేదు. తాతా ముత్తాతా పెట్టుకు తిరిగిన గైడు బ్యాడ్జి మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కదు.

ఇవాళ సోమవారం. పరీక్ష రోజు. పొద్దున్న గైడ్ల ఆఫీసు కిటికీలోంచి పెద్ద లినార్డ్ బాబాయ్ ఒక్క మాటే అరిచాడు. "కొండ లిఫ్టు దగ్గర ఎర్రకోటాయన నీవాడే!"

"బీపు పెట్టె ఆన్ చేశారా?" అడిగింది మడ్లైనా.

"ఏ పెట్టె?"

"మంచులో పూడిపోతే మిమ్మల్ని వెతికి పట్టించేది."

"ఓ, అదా! హోటల్లో ఉంది. బరువమ్మా."

మడ్లైనా సంచిలోంచి ఇంకొకటి తీసి స్వయంగా ఆయన ఛాతీకి కట్టింది. నా దగ్గరా ఈ ఆటలు, అనుకుంది.

గట్టు మీదికి చేరేలోపు ఆయన నాలుగుసార్లు పడ్డాడు. నాలుగోసారి చెవుల్నిండా మంచుతో అలాగే పడుకుని, చచ్చిపోయిన తల్లిని పిలిచాడు. వేషం కట్టినా ఇంత రక్తి కట్టించేవాళ్ళు అరుదు. మడ్లైనా ఓపిగ్గా లేపి, దులిపి, వాల్‌నట్ కేకు ముక్క చేతిలో పెట్టింది.

గట్టు ఎక్కగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"ఇదేగా ఉత్తరపు వాలు? పద, దిగుదాం."

"లేదండీ. మనం అడవి దారిన దిగుతాం."

"ఆ మాత్రానికి నువ్వెందుకు, నేనెందుకు? పోయినేడు మా బామ్మర్ది దీన్ని దిగాడు. అప్పట్నుంచీ ఏ పండక్కి వెళ్ళినా అదే కథ! నేను దిగకుండా వెళ్తే మా ఆవిడ ముందు తలెత్తుకోనా?"

"రాత్రంతా దక్షిణపు గాలి కొత్త మంచునంతా తెచ్చి ఇటువైపు పోసిందండీ."

"కళ్ళెదురుగా అయిదు స్కీ గీతలున్నాయి! పొద్దున్న దిగినవాళ్ళు చచ్చారా?"

మడ్లైనా పార తీసి గట్టు అంచున గొయ్యి తవ్వింది. మంచును దిమ్మలా కోసి, పైన అరచేత్తో తట్టింది. మూడో దెబ్బకే పై పొర సొరుగులా జారి ఆమె ఒళ్ళో పడింది.

"చూశారా?"

"చూశా. మంచన్నాక జారదా మరి?"

"దీని మీద మనం దిగడం లేదు."

"పిరికిదానా! ఆడపిల్లని పంపినప్పుడే అనుకున్నా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

"ఏమైనా అనండి. ఇవాళ మీ ప్రాణం నా చేతిలో ఉంది, మీ బామ్మర్ది చేతిలో లేదు."

బెన్సిగర్ స్కీలు వాలు వైపు తిప్పి కర్రలు పొడిచాడు. మడ్లైనా ఒక్క ఉదుటున ఆయన వీపు సంచి పట్టి గుంజింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. పది మీటర్లు కాదు, ఈసారి ఒక్క అడుగు కూడా వదలదలుచుకోలేదు.

"నా వెనకే, నా గీతలోనే," అంటూ అడవి దారిన మలుపు మలుపుకీ ఆగి దించుకొచ్చింది. సగం దూరంలో పైనుంచి ఢామ్మని చప్పుడైంది. ఉత్తరపు వాలు మొత్తం అడ్డంగా పగిలి, ఉరుముతూ లోయలోకి దిగిపోయింది. పొగలాంటి మంచుదుమ్ము అణగాక చూస్తే ఆ అయిదు గీతలూ లేవు.

బెన్సిగర్ కూలబడిపోయాడు. "నాకిద్దరు పిల్లలమ్మా," అన్నాడు. కళ్ళనీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి.

అంత పెద్ద గైడుకే కన్నీళ్ళొచ్చాయంటే తను చేసింది చిన్న పని కాదు. మడ్లైనా ఆయన భుజం మీద చెయ్యి వేసింది. గర్వంతో ఆమె గుండె నిండిపోయింది.

ఆఫీసుకొచ్చాక బెన్సిగర్ లినార్డ్‌కు జరిగిందంతా చెప్పాడు. మడ్లైనా రెండు చేతులూ కళ్ళకద్దుకుని, ఆమెతో ఫొటో దిగి, రైలుకు టైమైందని పరిగెత్తాడు. లినార్డ్ లేచి నిలబడి తల మీది టోపీ తీశాడు. నలభై ఏళ్ళ సర్వీసులో ఆయన ఎవరికీ టోపీ తీసిందే లేదు.

"మీ తాత కూడా ఇంతకన్నా బాగా చేసుండేవాడు కాదే," అన్నాడు.

"కిందటేడులా కాదు బాబాయ్, ఈసారి చంపలేదు!" అంది మడ్లైనా ఛాతీ విరుచుకుని. "మరి బ్యాడ్జి ఎప్పుడిస్తారు?"

లినార్డ్ టోపీ చేత్తో పట్టుకుని ఆమె వంక వింతగా చూశాడు.

"కనుమ మంచుకు మూసుకుపోయింది కదే, నీ పరీక్ష పెట్టే ఆయన రేపొస్తాడు."