కాలువ మూల నీళ్లు

నగరం నడిమి చెరువులో ఒక తాబేలూ, దాని శిష్యురాలు నీటికోడీ నీళ్లను పరిశీలించి, ఎక్కడ హాయిగా బతకవచ్చో మిగతా ప్రాణులకు చెబుతుండేవి. కాలువ వచ్చి కలిసే మూల, తుంగలో గుడ్లు పెట్టుకోమని తాబేలు ఏళ్ల తరబడి కప్పలకు చెబుతూ వచ్చింది.

ఆ ఏడు నీటికోడి అక్కడ మునిగి చూస్తే అడుగంతా నల్లటి మడ్డి, ఊపిరాడని కంపు. గురువుగారి మాట తప్పని ఎలా చెప్పడమని రెండు రోజులు మథనపడి, చివరికి చెప్పేసింది.

తాబేలు వెంటనే వెళ్లి మునిగింది. డిప్ప నిండా మడ్డితో పైకి తేలి, అప్పుడే గుడ్లు పెట్టబోతున్న కప్ప దగ్గరికి తిన్నగా ఈదింది.

"ఇక్కడ వద్దమ్మా. నేను చెప్పింది తప్పు."

"మంచి చోటని మొన్న కూడా నువ్వే అన్నావు కదా, తాతా?"

"అన్నాను. చూడకుండా అన్నాను. ఈ పిల్ల చూసొచ్చింది."

కప్పలన్నీ పడమటి ఒడ్డుకు వెళ్లిపోయాయి. ఇకమీదట తాతను ఎవరూ ఏదీ అడగరేమోనని నీటికోడి మనసు కలుక్కుమంది.

మర్నాడు పొద్దున్నే ఒక చేప వచ్చింది. "తాతా, మా వైపు నీళ్లు కూడా ఒకసారి చూసి చెప్తావా?"

తాబేలు నీటికోడి వైపు తిరిగింది.

"ముందు నువ్వు మునుగు తల్లీ. నీ వెనకే నేనొస్తాను."