తొమ్మిది ముక్కల మాట

"ఓ... ఓ... ఓ..."

"అక్కడే ఆగిపోయావేంటమ్మా?" అన్నాడు ఆసుపత్రి సూపరింటెండెంటు. "ఫోనెత్తగానే విభాగం పేరు చెప్పాలి. హలో గిలో కుదరదు. ఓటోరైనోలారింగాలజీ! గంట టైమిస్తున్నా. వచ్చిందా, ఈ కుర్చీ నీది. రాలేదా, ఇంకొకర్ని చూసుకుంటా."

ఆమె ఆ ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టే మనిషి. మోకాళ్లు అరిగిపోయి రోజంతా మిషను తొక్కలేకపోతోంది. ఫోను దగ్గర కుర్చీ దక్కకపోతే ఇక ఇంటి దారే. దానికితోడు చిన్నప్పటినుంచీ నత్తి.

కుట్టుగదిలో వదిన ఎదురైంది. ఆవిడ కూడా ఆ ఆసుపత్రిలోనే ఆయా. సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చెవి, ముక్కు, గొంతు అంటే పోయేదానికి ఇంత పేరా! డాక్టర్లకే నోరు తిరగదు, నీకేం వస్తుందే?"

"గు... గుడ్డ ఎంత పొడుగైతే ఏం వదినా? కు... కుట్టు తర్వాత కుట్టేగా!"

మిషను ముందు కూర్చుని కాలు ఆనించింది. తొక్కుడుకో ముక్క. ఓ. టో. రై. నో. 'లా' దగ్గర దారం పుటుక్కుమన్నట్టు మాట తెగింది. మళ్లీ మొదటికి. మోకాళ్లు సలుపుతున్నా ఆపలేదు. పదోసారికి 'రిం' దాటింది. ఇరవయ్యోసారికి తొమ్మిది ముక్కలూ ఒకే వరసలో పడ్డాయి.

"భలేదానివే!" అంది వదిన. "ఇవాళ మీ అన్నయ్యని ఈ మాటతోనే తిడతా. అర్థం కాక చస్తాడు."

గంటకి సరిగ్గా ఆమె ఫోను ముందు కూర్చుంది. కూర్చుందో లేదో అది మోగింది.

"ఎత్తు," అన్నాడు సూపరింటెండెంటు, కాగితమూ కలమూ పట్టుకుని.

ఎత్తింది. బల్ల కింద వట్టి నేల మీద ఆమె పాదం తొమ్మిదిసార్లు ఆడింది.

"ఓటోరైనోలారింగాలజీ!"

ఎక్కడా చిక్కు పడలేదు. గుమ్మం దగ్గర వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"శభాష్! రేపట్నుంచి వచ్చెయ్," అంటూ సూపరింటెండెంటు కాగితం మీద సంతకం గీకేశాడు.

అవతల ఫోన్లో ఎవరో పెద్దాయన కంగారుపడిపోయాడు.

"అయ్యో, ఏమీ అనుకోకమ్మా, రాంగ్ నంబరు తగిలింది. నేను చెవుల డాక్టరుగారికి చేశాను," అని పెట్టేశాడు.