తల తిరిగిన కండెలు

"మామకు హిందూపురంలో కళ్ళు చూపియ్యల్ల అత్తా," అంది అశ్విని వంటింట్లో.

ధర్మవరంలో ఆ ఇంటి ముందుగదిలో, గుంటమగ్గంలోకి కాళ్ళు దించుకుని పట్టుచీర నేస్తున్నాడు చెన్నకేశవులు. మగ్గం చప్పుడులో కోడలి మాట వేరేగా చెవిన పడింది.

"ఏమమ్మా! డెబ్బై ఏండ్లకు నాకు కల్లు చూపిస్తారా? దానికి హిందూపురం దాకా ఎందుకు, ధర్మవరంలో దొరకదా?"

"కల్లు కాదు మామా, కళ్ళు! కంటి డాక్టరు!"

"నా కళ్ళకేం రోగం?" అంటూ తెగిన పోగును రెండు వేళ్ళతో పట్టి టక్కున ముడేశాడు. "చూసినావా? కరెంటు పోయినా ముడేస్తా!"

ఆయన భయం కళ్ళ గురించి కాదు, తల గురించి. శిశిరం చలికి చెట్ల ఆకులు రాలినట్టు, తన తలలోంచి పేర్లు రాలుతున్నాయి. మొన్న ఎదురింటి లింగప్పను "ఏమప్పా రంగప్పా" అని పిలిచాడు. అది కొడుకు తిరుపాల్ చెవిన పడింది. పెనుకొండ కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు కాబట్టి ఏదైనా పాతదైతే మార్చేయాలంటాడు.

"నాయనా, గుంటలో చలికి మోకాళ్ళు పట్టేస్తాండాయి. మతిమరుపు కూడా వస్తాండాది. మగ్గం దిగు, గుంట పూడ్పిస్తా."

"మరుపు తలకు రా, చేతికి కాదు. చీరలో ఒక్క తప్పు పడిందంటే ఆ పొద్దే దిగుతా. అంతవరకూ మగ్గం కాడ తగ్గం!"

పందెం కుదిరింది. కండలు కరిగినా కండెలున్నాయి గదా అని ఆయన ధైర్యం. కండెలంటే, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టడానికి పట్టునూలు చుట్టిన చిన్న పుల్లలు. భార్య జయమ్మ రాట్నం మీద చుట్టి ఇస్తుంది. ఆయన పొద్దున్నే పసుపు, ముదురు పచ్చ, ముదురు నీలం వరసగా తట్టలో పేర్చుకుంటాడు. చేయి చాపితే వరస ప్రకారం చేతికి రావాలి. పది గంటల టీ తాగి వచ్చాక అవి చీరలో చారలై కూర్చోవాలి.

ఒకనాడు పది గంటల టీ అరుగు మీద ఎండలో తాగి వచ్చేసరికి, గోడవైపు తల పెట్టిన కండెల్లో రెండు తనవైపు తిరిగి ఉన్నాయి. మర్నాడు కావాలనే అన్నిటి తలలూ గోడకు పెట్టి పోయాడు. వచ్చేసరికి మూడు తిరిగాయి. రంగుల వరస మాత్రం తను పెట్టినట్టే ఉంది!

అదే ఇంకా అనుమానం. ముట్టినోళ్ళు ఏమీ మార్చకుండా ఎందుకు ముడతారు?

'ఈ పొద్దు తల తిప్పింది, రేపు రంగు తిప్పుతాది, ఎల్లుండి మామకు మతి తిరిగిందంటాది' అనుకున్నాడు కోడల్ని తలుచుకుని.

"జయమ్మా, కోడలు నా తట్ట ముడతాండాదా?"

"నీ తట్ట ఎవురు ముడతారప్పా?" అంది జయమ్మ తలెత్తకుండా. చేతిలో రాట్నం మాత్రం ఒక్క చుట్టు తడబడింది.

ఓహో! అత్తాకోడళ్ళు కలిసిపోయారన్నమాట. అంతకంటే అనుమానించాల్సిన సంగతి లోకంలో ఇంకేముంటుంది?

మర్నాడు తట్టను తుండుగుడ్డతో నడుముకు కట్టుకుని గుంటలో దిగాడు. టీ గుంటలోకే తెప్పించుకున్నాడు. జయమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

"అరుగు మీద ఎండ బాగుండాది. పోయి కూర్చోప్పా."

"ఎండ యాడికీ పోదులే."

"కాళ్ళు మంచుగడ్డలైతాయి."

"నా కాళ్ళు, నా గడ్డలు."

"నీళ్ళకన్నా లేస్తావా లేదా?"

"లేయను!" అని తట్టను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. పైకి లేపాలని ఇంత ఆరాటమా! మధ్యాహ్నం బువ్వ కూడా మగ్గం దగ్గరే తిన్నాడు, ఒక చేయి తట్ట మీద ఉంచి.

సాయంత్రం తిరుపాల్ ఫ్యాక్టరీ బస్సు దిగి వచ్చేసరికి ముసలాయన గొంతు వీధిలోకి వినిపిస్తోంది.

"రండి, అందరూ రండి! ఈ పొద్దు నా తట్ట మీద పరాయి చేయి పడలా! చూడండి నా పనితనం!" అంటూ నేసిన బట్ట మీద కప్పిన గుడ్డ లాగేశాడు.

తిరుపాల్ సెల్‌ఫోన్ లైటు వేశాడు.

"నాయనా, ఈడ నీలం చార రావల్ల గదా?"

"వచ్చింది గదా!"

"ఇది పచ్చ."

"దాని పక్కది?"

"పచ్చ ఉండాల్సిన కాడ నీలం ఉండాది. ఇంకా మూడు చోట్ల ఇట్లే ఉండాది."

చెన్నకేశవులు వంగి ముక్కు బట్టకు ఆనించాడు. రెండు చారలూ ఆయనకు ఒకటే నల్లమబ్బు. చేత్తో తడిమాడు. పట్టు మెత్తదనం తెలుస్తోంది గానీ రంగు తెలియడం లేదు. గుంటలో చలి మోకాళ్ళు దాటి పైకి వచ్చింది.

"అట్లయితే ఇన్ని దినాలూ ఒక్క తప్పు కూడా ఎందుకు పడలేదు?" అని కోడలి మీదికి గర్జించాడు. "చెప్పమ్మా, నా కండెల్ని ఏం చేసినావు?"

అశ్విని అత్తవైపు చూసింది. జయమ్మ రాట్నం వదిలి, మగ్గం పక్కన కూలబడింది.

"అది కాదప్పా, ముట్టేది నేను. ఉగాది కాడి నుంచి, దినామూ నువ్వు టీకి లేస్తానే నేను రంగులు సరిచేసి పెడతాండా. ఈ పొద్దు నువ్వు లేస్తే గదా!"