ఎర్రతోక చేప

“ఇంకోటి పోయింది ఫటిక్‌దా!”

శర్వరి కేకకి బాగ్‌బజార్ ఆదివారం సంతలో నలుగురు తల తిప్పి చూశారు. పెంపుడు చేపలమ్మే ఫటిక్ చేతిలో వల కింద పెట్టేశాడు.

“ఎవరు పోయారు దీదీ?”

“చేప!”

“అమ్మయ్య! మీ నాన్నగారేమో అనుకుని గుండె గుభేలుమంది.”

శర్వరికి నవ్వు రాలేదు. సరిగ్గా నెల కిందట ఇతగాడి దగ్గరే కొంది అంతా. అడుగున్నర గాజుతొట్టి, నాలుగు గుప్పెళ్ళ గులకరాళ్ళు, బుడగలు వదిలే బుల్లి మోటారు, నీళ్ళు శుభ్రం చేసే స్పాంజి, ఆరు గప్పీ చేపలు. ‘కొత్తవాళ్ళకి ఇంతకన్నా చవకా లేదు, తేలికా లేదు. గప్పీలు మొండి ఘటాలు దీదీ, అంత సులువుగా చావవు’ అన్నాడప్పుడు. ఇప్పటికి నాలుగు చచ్చాయి.

“నీళ్ళు రాత్రంతా బకెట్లో నిలవ ఉంచే పోస్తున్నావా?”

“ఉంచే పోస్తున్నా.”

“మేత?”

“రోజుకి ఒక్క చిటికెడు.”

“స్పాంజి కుళాయి కింద గానీ కడిగావా?”

“లేదయ్యా బాబూ, తొట్టి నీళ్ళలోనే పిండుతున్నా. నువ్వు చెప్పిందల్లా చేస్తున్నా. అయినా పొద్దున తొమ్మిదయ్యేసరికి నీళ్ళు తెల్లగా మసకబారుతున్నాయి.”

“మరి మసకబారవూ? నీళ్ళు కుదురుకునేదాకా చేపల్లేకుండా తొట్టిని కొన్ని వారాలు నడపమన్నానా లేదా? నువ్వు ఆ పూటే వదిలేశావు!”

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. వారాలు ఆగే తీరిక ఆమెకెక్కడిది? చలికాలంలో తండ్రి నిరాపదకు ఒకసారి మూతి వంకర పోయి, దేవుడి దయవల్ల సర్దుకుంది. “రెండోసారి పక్షవాతం వస్తే నా చేతుల్లో ఉండదమ్మా. ప్రెషర్ దిగి తీరాలి” అన్నాడు డాక్టరు. రోజుకో బిళ్ళ రాశాడు. మనసుకి కాస్త కాలక్షేపం చూడమన్నాడు.

నిరాపద నలభై ఏళ్ళు కాంపౌండరుగా చేసిన మనిషి. వీధిలో ఎవరు దగ్గినా ఆయన చెయ్యి జేబులోకి పోయేది, బిళ్ళ బయటికొచ్చేది. కిందటేడు పక్కింటి మిత్తిర్ గారి భార్య ఆ బిళ్ళ మింగి మెట్లమీద కళ్ళు తిరిగి పడిపోయింది. వీధి వీధంతా ఇంటిమీదికొచ్చింది. శర్వరి ఆయన చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని మరీ ఒట్టు వేయించుకుంది, ఇంకే మనిషికీ బిళ్ళ ఇవ్వకూడదని. పాపం, ఒట్టు తప్పలేదు ముసలాయన. కాకపోతే ఆ రోజు నుంచీ గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

తొట్టి వచ్చాకే మనిషి మళ్ళీ మనిషయ్యాడు. కుర్చీ దాని పక్కకి లాక్కున్నాడు. పొద్దున్నే లేచి, “నా పేషెంట్లు ఎలా ఉన్నార్రా?” అని పలకరించేవాడు. మూడోరోజున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

“ఇదుగో తల్లీ, ఆయాసం. వీటికీ ప్రెషరే!”

“నీకు కనపడితే చాలు, అందరికీ ప్రెషరే నాన్నా” అని శర్వరి పకపకా నవ్వింది. ఆ ఇంట్లో అదే ఆఖరి నవ్వు.

వారం తిరక్కుండా మొదటి చేప వెల్లకిలా తేలింది. ఆ పూట నిరాపద అన్నం ముట్టలేదు. ప్రెషర్ నూట డెబ్భై. రెండోది పోయింది. నూట ఎనభై. డాక్టరు బుర్ర గోక్కుని, ఒక బిళ్ళ కాస్తా రెండు చేశాడు. ఆ వారంలోనే మరో రెండు పోయాయి.

బిళ్ళ విషయంలో శర్వరి ఏమరుపాటుగా ఉండే మనిషి కాదు. పొద్దున ఎనిమిదింటికి తండ్రి అరచేతిలో బిళ్ళలు పెట్టి, చేతికి నీళ్ళ గ్లాసిచ్చి, అప్పుడే వంటింట్లో క్యారేజీ సర్దుకోడానికి పరుగెత్తేది. ఖాళీ అట్టలు ఏరోజుకారోజు లెక్కపెట్టేది. ఒక్కటీ తేడా రాలేదు. అంటే మందు లోపం కాదు, చేపలు పోయిన దిగులే. చేపలు బతికితే నాన్న బతుకుతాడు. ఇంకో దారి లేదనుకుంది.

“కొత్త చేపలిస్తావా?”

“ఇవ్వను దీదీ. ముందు ఉన్న రెండూ నిలబడనీ” అని ఫటిక్ ఓ పచ్చటి నీటిమొక్క చేతిలో పెట్టాడు.

దాన్ని పట్టుకుని రొప్పుతూ ఇల్లు చేరేసరికి తొట్టిలో మరొకటి తేలిపోయి ఉంది. మిగిలింది ఎర్రతోకది ఒక్కటే. అదీ పైకొచ్చి నోరు తెరుస్తోంది. నీళ్ళు పాలు కలిపినట్టున్నాయి.

గబగబా తండ్రి చేతికి ప్రెషర్ మిషన్ పట్టీ చుట్టింది. రెండు వందల పది! ఫోనులో డాక్టరు గొంతు మారిపోయింది.

“సాయంత్రానికి దిగకపోతే ఆస్పత్రిలో చేర్చండి. మందు పడుతున్నా ఇలా ఉందంటే నాకూ భయంగానే ఉంది.”

శర్వరి తొట్టి ముందు కూలబడి గాజుకి నుదురు ఆనించి భోరుమంది.

“చావకే తల్లీ! నువ్వు కూడా పోతే మా నాన్న నాకు దక్కడే! పట్టుకుని బతిమాలుకుందామంటే నీకు కాళ్ళయినా లేవు కదే...”

వెనకనుంచి నిరాపద చెయ్యి వచ్చి ఆమె తల నిమిరింది.

“ఏడవకు తల్లీ, ఇది చావదులే. ఆరింటికీ పంచేసరికి నా బిళ్ళలు ఏ మూలకీ చాల్లేదు గానీ, రేపట్నుంచి రెండూ దీనొక్కదానికేగా!”