చిన్న చిల్లర్

“అమృతంగారూ, మోటారు ఆగిపోయింది!”

పబ్బు వెనకనుంచి డేనీ కేక విని అమృతం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. 1989 మార్చి ఎండకి ఎర్రమట్టి నేల కాలిపోతోంది.

డేనీ కంగారూల వేటగాడు. వేట మాంసం పాడవకుండా దాచడానికి అతనికి అక్కడ మోటారుతో చల్లబరిచే రెండు ఇనుప గదులున్నాయి. పెద్ద చిల్లర్, చిన్న చిల్లర్. మొన్న శనివారం అమృతం భర్త, ఆ ఊరి డాక్టరు ఎలియాజర్, డేనీతో కలిసి అడవిమేకల వేటకి వెళ్లాడు. ఆ మధ్యాహ్నమే డేనీ చిన్న చిల్లర్ కడిగించి, తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“ఊరంతా కరెంటు పోయింది,” అన్నాడు డేనీ. “జనరేటర్‌కి డీజిల్ లేదు. వరదకి రోడ్లు తెగాయిగా, ట్యాంకర్ రాలేదు.”

చిన్న చిల్లర్ తలుపు పక్క, ఉష్ణోగ్రత చూపే మీటర్లో ముల్లు అప్పుడే పైకి జరుగుతోంది.

“ఎల్సా సాయంత్రం ప్లేన్‌కి వస్తోంది,” అంది అమృతం. అడిలైడ్‌లో యూనివర్సిటీకి వెళ్లే ఒక్కగానొక్క కూతురు. రన్‌వే బురద ఆరి, విమానం దిగడం ఇవాళే మొదలు. “అది వచ్చేదాకా చలి నిలవాలి డేనీ.”

“నిలుస్తుంది. నా ట్రక్కులో డీజిల్ లాగి పోస్తాను. మీరు పబ్బులో ఐస్ ఎంతుంటే అంత పట్రండి.”

ఆమె సంచులు మోసుకొచ్చింది. చేతులు తిమ్మిరెక్కాయి.

“ఐస్ దూరంగా పేర్చండి. కరిగిన నీళ్లు తగలకూడదు,” అన్నాడు డేనీ. “నేను రానా?”

“వద్దు. నేనే పెడతాను.”

లోపలికెళ్లి తలుపు దగ్గరికి లాక్కుంది. చాలాసేపటికిగాని బయటికి రాలేదు.

జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డేనీ చొక్కా తడిసి ముద్దయింది. మూడోసారి అందుకుంది. రెండు మోటార్లూ కలపగానే మళ్లీ మూలిగింది.

“రెండూ లాగలేదిది,” అంటూ అతను పెద్ద చిల్లర్ వైరు పీకేశాడు.

“డేనీ! వారం వేటంతా అందులోనే ఉంది. మాంసం లారీ కూడా రాలేదు. ఈ ఎండకి మొత్తం కుళ్లిపోతుంది!”

“కుళ్లిపోనీండి.”

“నీ బతుకు తెరువది.”

“విరిగిన నా కాలు డాక్టరుగారు నిలబెట్టకపోతే ఆ తెరువే లేదుగా. నో వర్రీస్.”

అమృతం చిన్న చిల్లర్ ముందు బోర్లించిన డబ్బా మీద కూర్చుని ముల్లునే చూస్తూ ఉండిపోయింది. అది మొండిగా కదలకుండా నిలబడి, తర్వాత మెల్లగా కిందికి దిగింది. పెద్ద చిల్లర్ నుంచి వాసన మొదలైంది. డేనీ అటు తల తిప్పలేదు.

పొద్దు వాలుతుండగా విమానం చప్పుడైంది. కాసేపటికి ఎవరిదో కారు దిగి ఎల్సా పరుగెత్తుకొచ్చింది.

“మమ్, పవర్ పోయిందట! ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?”

“ఏం కాలేదమ్మా. డేనీ కానివ్వలేదు.”

డేనీ టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడు. అమృతం తాళం తీసి కూతురి చెయ్యి పట్టుకుంది.

“లోపలికి రా, నాన్నని కడసారి చూద్దువుగాని.”